కార్డు మీద లేని రెండో పేరు

(రెడ్డిగూడెంలో జరిగిన పెద్దమేస్త్రి గారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

తాపీ పనివాళ్లు, సెంట్రింగు వాళ్లు, రాడ్ బెండింగు కుర్రాళ్లు, గమేళాలు మోసే అక్కచెల్లెళ్లు, మీరంతా పనికి నాగా పెట్టుకుని వచ్చారు. నాగా అంటే ఏమిటో నాకు తెలుసు. ఈ పూట మీరు ఇక్కడ కూర్చున్నందుకు శనివారం బట్వాడాలో ఒక రోజు కూలి తగ్గుతుంది. అందుకని పొగడ్తలతో మీ పొద్దు గడపను. పెద్దమేస్త్రి గారికి కూడా పొగడ్త గిట్టేది కాదు.

ఫోటో కింద ఆయన అసలు పేరు రాశారు. ఆ పేరుతో ఆయన్ని ఊళ్లో ఎవరూ పిలవలేదు, నేనూ పిలవలేను. పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో నేను ఆయన ముఠాలో గమేళా మోశాను. నలభై రెండు రోజులు, అందులో మూడు సగం రోజులు. ఇది నాకు గుర్తుండి చెబుతున్న లెక్క కాదు. నిన్న సాయంత్రం వాళ్ల అబ్బాయి గోనెసంచిలో కట్టి దాచిన పుస్తకాలు తీసి చూపిస్తే, అందులో నా పేరు ఎదురుగా గీతలు లెక్కపెట్టుకున్నాను.

ఆ పుస్తకాలు మీలో చాలామంది చూసే ఉంటారు. చొక్కా జేబులో పట్టేంతవి. ఎర్ర అట్ట, చుట్టూ సైకిలు ట్యూబు కోసి చేసిన రబ్బరు. లోపల ఎడమవైపు పేర్లు, పైన తారీకులు. రోజంతా పని చేస్తే నిలువు గీత, పూట చేస్తే సగం గీత, రాకపోతే సున్నా. ఇదంతా ఏ మేస్త్రి అయినా రాస్తాడు. ఆయన దగ్గర ప్రత్యేకం ఏమిటంటే, కొత్త పేజీ తిప్పగానే నెత్తిన రెండు ముక్కలు రాస్తే గాని కింద ఒక్క కూలీ పేరు కూడా రాసేవారు కాదు. పని ఎక్కడ? పని పెట్టినవాడు ఎవరు? ఈ రెండూ పైన ఉండాలి. మూడో తరగతితో చదువు ఆపేసిన మనిషి పెట్టుకున్న నియమం ఇది. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు ముక్కల గురించే.

పని వివరం రాసిపెట్టే అలవాటు మన గడ్డకు కొత్త కాదు. మన జిల్లాలోనే జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే దిబ్బ ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వకాలు జరిపితే బౌద్ధ స్తూపం బయటపడింది. దాని తూర్పు వాకిట నిలబెట్టిన అయిదు ఆయక స్తంభాల గురించి ప్రాకృతంలో శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటిది, అంటే మూడో శతాబ్దం. ఆ స్తంభాలు నిలబెట్టించింది రాజూ కాదు, రాణీ కాదు. సిద్ధార్థుడనే శిల్పి. శాసనం ఆయన్ని 'ఆవేశని' అంటుంది. పనివాళ్లకు పెద్ద అన్నమాట, మన మాటలో మేస్త్రి. తండ్రి నాగచంద్రుడు, ఆయనా ఆవేశనే. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, సోదరుడు బుద్ధినక, ఆ సోదరుడి భార్య కనిక, వాళ్ల పిల్లలు. ఏ ఊరివాడు, ఏ సీమవాడు, ఏ ఋతువులో ఏ పక్షంలో ఎన్నో రోజున ఈ పని జరిగింది, ఏ చైత్యం దగ్గర జరిగింది, అన్నీ రాతి మీద ఉన్నాయి. సాంచీలో దక్షిణ తోరణం మీద కూడా శాతకర్ణి రాజు గారి ఆవేశని ఆనందుడి పేరు ఇలాగే కనిపిస్తుంది.

గుర్తింపు కార్డుకు ఇంతకన్నా ఏం కావాలి? మనిషి పేరు, ఇంటివాళ్ల పేర్లు, ఊరు, పని, చోటు, రోజు. పదిహేడు వందల ఏళ్ల నాడు మన గడ్డ మీద ఒక మేస్త్రికి ఇవన్నీ దక్కాయి. కృష్ణా నది ఒడ్డున రాజధాని అమరావతికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. 2019 తరవాత పనులు ఆగిపోయాయి. 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. ఒడిశా నుంచి, బీహారు నుంచి, బెంగాలు నుంచి వచ్చినవాళ్లు రేకుల షెడ్లలో ఉండి ఆ పనులు చేస్తున్నారు. ఆ గోడల మీద వాళ్ల పేర్లు చెక్కమని నేను అడగడం లేదు. ఏ రోజు ఎవరి దగ్గర పని చేశారో కాగితం మీద ఉందా అని అడుగుతున్నాను.

లెక్కకెక్కని పని అంటే దొంగచాటు పని అనుకుంటారు చాలామంది. కాదు. పట్టపగలు రోడ్డు పక్కన పది మంది చూస్తుండగా జరిగే పని అది. తెల్లారేసరికి అడ్డా మీద నిలబడతాం. ట్రాలీ ఆటో వస్తుంది, నలుగురు కావాలంటారు, ఎక్కుతాం. ఎక్కించుకున్నవాడు గుత్త మేస్త్రి. వాడికి పని ఇచ్చినవాడు సబ్ కాంట్రాక్టరు. వాడి పైన కాంట్రాక్టరు. ఆ పైన బిల్డరు. ఎవరిని అడిగినా పైవాడి పేరు చెబుతాడు, కిందవాడిని మాత్రం ఎరగనంటాడు. సాయంత్రం కూలి చేతిలో పడితే ఆ రోజు అక్కడితో ఆవిరైపోతుంది. మర్నాటికి నువ్వు అక్కడ పని చేశావనడానికి నీ ఒళ్లు నొప్పులు తప్ప మరో సాక్ష్యం ఉండదు.

దీనికి మందు మన దేశంలో లేదా అంటే, ఉంది. 1979లోనే వలస కార్మికుల చట్టం వచ్చింది. పొరుగు రాష్ట్రానికి తీసుకుపోయే ప్రతి కూలీకీ ఫోటో అంటించిన పాస్‌బుక్ కాంట్రాక్టరే ఇవ్వాలంది. తరవాత 1996లో భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, దానికి జంటగా సెస్సు చట్టం వచ్చాయి. కట్టడానికయ్యే ఖర్చులో నూటికి రూపాయి చొప్పున వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలి. పద్దెనిమిది నిండి అరవై దాటకుండా, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు ఈ పని చేసినవాళ్లు నమోదు చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో నియమాలు 1999లో వచ్చాయి, సంక్షేమ మండలి 2007లో ఏర్పడింది. చట్టానికీ మండలికీ మధ్య పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో పరంజా మీద నుంచి జారినవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఆ భవన నిర్మాణ కార్మికుల చట్టంలో 13వ సెక్షన్ ఉండేది. కార్మికుడికి ఫోటోతో గుర్తింపు కార్డు ఇవ్వాలన్నది దాని మొదటి భాగం. ఇది అందరికీ తెలుసు. రెండో భాగం తెలిసినవాళ్లు నాకు అరుదుగా తగిలారు. కార్మికుడు తన దగ్గర చేసిన పని వివరాలను ప్రతి యజమానీ ఆ కార్డులోనే రాయాలి, రాసింది నిజమని ధ్రువీకరించాలి, కార్డు తిరిగి కార్మికుడి చేతికివ్వాలి. మూడో భాగం ప్రకారం అధికారి అడిగినప్పుడు కార్మికుడు ఆ కార్డు చూపాలి. మూడూ కలిపి చదవండి. కార్డు అంటే కూలీ మెడలో వేసుకునే బిళ్ల అని చట్టం అనుకోలేదు. పని పెట్టినవాడు చేతిరాతతో ఒప్పుకునే పుస్తకం అనుకుంది.

బడి పంతులుగా ఉన్నప్పుడూ, రిటైరయ్యాకా సాయంత్రాలు నేను ఈ నమోదు ఫారాలు నింపిపెట్టాను. కొన్ని వందల కార్డులు నా చేతి మీదుగా పోయాయి. యజమాని చేతిరాత ఉన్న కార్డు ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. అట్ట కార్డులున్న రోజుల్లో రాయడానికి చోటైనా ఉండేది. ప్లాస్టిక్ కార్డు వచ్చాక ఆ చోటు కూడా పోయింది. 90 రోజుల ధ్రువపత్రం మాత్రం ఒకటి అడుగుతారు. దాని మీద సంతకం పెట్టేవాడు అసలు పని పెట్టినవాడే కానక్కర్లేదు. అందుకే ఏనాడూ తాపీ పట్టని చేతుల్లో కూడా కార్డులు కనిపిస్తాయి. నిజంగా ఇరవై ఏళ్లు గోడలు కట్టినవాడికి మాత్రం సంతకం పెట్టేవాడు దొరకడు.

పెద్దమేస్త్రి గారి పుస్తకం విలువ నాకు తెలిసివచ్చిన రోజు ఒకటుంది. మన ముఠా కుర్రాడొకడు పట్నంలో అపార్ట్‌మెంట్ పనిలో మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడిపోయాడు. ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆసుపత్రి వరండాలో కాంట్రాక్టరు మనిషి మాతో అన్న మాట: 'పొద్దున్నే అడ్డా మీద నుంచి తెచ్చాం, ఎవరో ఏమిటో మాకు తెలియదు.' కుర్రాడి కార్డు రెన్యూవల్ తారీకు దాటిపోయి నాలుగు నెలలయింది. మండలి నుంచి వచ్చే దారి అక్కడితో మూసుకుపోయింది. పెద్దమేస్త్రి గారు ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి పుస్తకం తీసి, రబ్బరు విప్పి, పేజీ తిప్పి ఆ మనిషి ముందు పెట్టారు. నెత్తిన సైటు పేరు, కాంట్రాక్టరు పేరు. కుర్రాడి పేరు ఎదురుగా యాభై మూడు గీతలు. ప్రతి శనివారం గడి కింద కాంట్రాక్టరు గుమాస్తా పొట్టి సంతకం. బట్వాడా డబ్బు తీసుకున్నప్పుడల్లా ఆ పేజీ మీదే చేయించుకునేవారట. 'డబ్బు నేను తినలేదని మా వాళ్లకు చూపించాలి కదండీ, ఇక్కడో గీత గీకండి' అని అడిగితే గుమాస్తా కాదనేవాడు కాదు.

అప్పట్లో ప్రమాద పరిహారానికి 1923 నాటి చట్టం ఉండేది. దానికి కార్డు అక్కర్లేదు. ఎవరి పనిలో ఉండగా ఎవరు పడ్డారో తేలాలి. కాంట్రాక్టరు తప్పించుకున్నా, పని ఎవరిదో ఆ అసలు యజమానిని అదే చట్టం 12వ సెక్షన్ బాధ్యుడిని చేసేది. ఆ పొట్టి సంతకాలే ఆ ఇంటిని నిలబెట్టాయి. 13వ సెక్షన్ పేరైనా వినని మనిషి దాని రెండో భాగాన్ని శనివారం శనివారం అమలు చేస్తూ వచ్చారు. తరవాత ఆ కాంట్రాక్టరు ఆయనకు మళ్లీ పని ఇవ్వలేదు. ఈ సంగతి ఆయన నోట నేను వినలేదు, పుస్తకాల్లో ఆ పేరు ఆ తరవాత కనిపించకపోవడం చూసి తెలుసుకున్నాను.

ఆయన పుస్తకాల్లో ఒక లోటు ఉంది. దాన్ని దాచిపెడితే ఆయనకు గౌరవం చేసినట్టు కాదు. మగవాళ్లకు పేర్లున్నాయి. ఆడవాళ్లకు చాలాచోట్ల లేవు. ఫలానా వాళ్ల కోడలు, ఫలానా ఆయన ఇంటామె, గుడి వీధి పిన్ని. ముప్ఫై ఏళ్లు మాలు మోసి మెడ వంగిపోయిన మనిషికి పుస్తకంలో సొంత పేరు లేకపోతే, రేపు 90 రోజులు ఎవరివని చూపిస్తుంది? సముదని, కనిక అని రాతి మీద పేర్లు చెక్కిన గడ్డ ఇది. చివరి నాలుగైదు పుస్తకాల్లో ఆడవాళ్ల పేర్లు పూర్తిగా ఉన్నాయి. ఆ రాత ఆయనది కాదు, మనవరాలిది.

సెస్సు డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దాని గురించి ఈ వేదిక మీద ఇదివరకు చాలామంది మాట్లాడారు. నిర్మాణ కార్మికుల జాతీయ ప్రచార సంఘం 2006లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 19న తీర్పిచ్చింది. అప్పటికి దేశమంతటా వసూలైంది 37,400 కోట్లకు పైనే, ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. మిగిలిన డబ్బు ఎవరిదో ఆ మనుషులు లెక్కలో లేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన రోజున సెస్సు నిధి నుంచి కార్మికుల ఖాతాల్లో డబ్బు వేయమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. నిధిలో 52,000 కోట్లున్నాయని అప్పుడే చెప్పారు. నమోదైనవాళ్ల ఖాతాల్లోనే కదా వేయగలిగేది. అదే వారం హైదరాబాదు నుంచి ఇళ్లకు బయల్దేరినవాళ్లు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. ఇక మన రాష్ట్రంలో మండలి పథకాలకు అడ్డుపడిన 1214 మెమో రద్దు చేయమని సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయో, ఈ సభలో ఉన్నవాళ్లలో సగం మంది ఎండలో కూర్చుని చూసినవాళ్లే.

గరికపాడు అన్నాను కాబట్టి సరిహద్దు మాట కూడా. మన కుర్రాళ్లు ఏడాదిలో ఎనిమిది నెలలు హైదరాబాదులో, ఖమ్మంలో పని చేస్తారు. మామిడి కోతలకూ సంక్రాంతికీ ఇంటికొస్తారు. కార్డు ఇక్కడ, 90 రోజులు అక్కడ. 2014 తరవాత మండళ్లు రెండయ్యాయి. అక్కడి పని ఇక్కడి పుస్తకంలో ఎక్కదు, ఇక్కడి కార్డు అక్కడ చెల్లదు. 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ వచ్చింది. పన్నెండు అంకెల నంబరు, దేశమంతా ఒకటే. మంచిదే. కానీ అందులో నేను ఏ పని చేస్తానో నేను చెప్పుకుంటాను. నాకు ఎవరు పని ఇచ్చారో ఎవరూ చెప్పరు.

వేలిముద్రల సంగతి చెప్పకుండా కార్డుల గురించి మాట్లాడకూడదు. రెన్యూవల్ కోసం ఒక ముసలి తాపీ మేస్త్రిని మీసేవ కేంద్రానికి నేనే తీసుకెళ్లాను. బొటనవేలు పెట్టాడు, పడలేదు. చూపుడువేలు, పడలేదు. కేంద్రం అమ్మాయి మంచిది, గుడ్డ తడిపి ఇచ్చింది, కొబ్బరినూనె రాసుకోమంది. పది వేళ్లూ వరసగా పెట్టాం. సిమెంటు తిన్న వేళ్లవి. మెరుగు పెట్టిన గచ్చులా ఉన్నాయి, ఒక్క గీత లేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకుంటూ, ఏదో తప్పు చేసినవాడిలా నా వంక చూశాడు. ఈ మనిషి కార్మికుడనడానికి ఆ అరిగిపోయిన వేళ్లకు మించిన రుజువు ఉంటుందా? అదే రుజువు యంత్రానికి అడ్డమయింది. కార్డు కావాలని అడిగే మనం ఈ మాట కూడా గట్టిగా అడగాలి. వేలు పడకపోతే కంటితో, కన్ను పడకపోతే ఫోనుకొచ్చే అంకెతో, అదీ లేకపోతే మనిషి మాటతో పని జరగాలి.

బయటి దేశాల్లో ఏం చేశారో కొంచెం చెబుతాను. స్వీడన్‌లో 2006లో నిర్మాణ రంగం వాళ్లే ఐడీ06 అనే కార్డు తెచ్చుకున్నారు. 2016 నుంచి అక్కడ మరీ చిన్నవి కాని సైట్లలో ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో, ఎప్పుడు వెళ్లారో మిషను మీద హాజరు పట్టీ ఉండాలని చట్టం. పన్నుల శాఖ వాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి ఆ పట్టీ చూస్తారు. ఫిన్లాండ్‌లో సైటులో తిరిగే ప్రతి మనిషి మెడలోని కార్డు మీద ఫోటోతో పాటు పని ఇచ్చిన సంస్థ పేరు కూడా ఉండాలి. 2012 నుంచి పన్ను నంబరు కూడా చేర్చారు. ఫ్రాన్సులో 2017లో వచ్చిన నిర్మాణ కార్డుకు దరఖాస్తు పెట్టవలసిందీ, రుసుము కట్టవలసిందీ యజమానే. అక్కడ మోసం లేదని కాదు. కూలీ చేతికి కార్డు అందించడం పని పెట్టినవాడి బాధ్యత అక్కడ. ఇక్కడ కూలీ ఒక రోజు పని మానుకుని, ఆటోకు డబ్బులు పెట్టుకుని, సంతకాల కోసం తిరిగి, తన కార్డు తాను సంపాదించుకోవాలి. పని పెట్టినవాడు ఇంట్లో కూర్చుంటాడు.

అయితే ఈ పద్ధతిని ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెడితే నాకు భయం. గేటు దగ్గర కార్డు అడిగితే, లేనివాడిని ఏం చేస్తారు? పొమ్మంటారు. పోయేది కూలీ. ఆ రోజు కూలి పోయేది ఒడిశా నుంచి నిన్న దిగిన కుర్రాడికి, అరవై దాటినా ఇల్లు గడవక గమేళా పట్టిన ముసలామెకు. కార్డు లేని మనిషి సైటులో దొరికితే జరిమానా యజమానికి పడాలి, ఆ మనిషి చేత అక్కడికక్కడే ఫారం నింపించాలి, పని ఆపకూడదు. దీంట్లో ఒక్కటి తారుమారైనా కార్డు మనకు కాపు కావడం పోయి కాపలా అవుతుంది.

1996 చట్టం ఇప్పుడు కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. 2025 నవంబరు 21 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇదివరకు 10 లక్షల దాకా ఉన్న మినహాయింపు ఇప్పుడు 50 లక్షలకు పెరిగింది. మన ఊళ్లో, మైలవరంలో, తిరువూరులో మీరు కట్టే ఇళ్లలో 50 లక్షలు దాటేవి ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ సెస్సుకు అందవు. సెస్సు పడకపోయినా పని పనే, పరంజా పరంజాయే. అదే కోడ్‌లలో ఒక మంచి ముక్క కూడా ఉంది. ఉద్యోగిగా పెట్టుకున్న ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు. నియామక పత్రం అంటే పని పెట్టినవాడి పేరు ఉన్న కాగితం. పెద్దమేస్త్రి గారి పేజీ నెత్తిన ఉండే రెండు ముక్కల్లో రెండోది అదే. ఆ ముక్క మన అడ్డాల దాకా దిగి రావాలంటే, 13వ సెక్షన్ రెండో భాగానికి పట్టిన గతి దీనికి పట్టకుండా చూసుకోవాలి. మనం అడగకపోవడం వల్లే అది చదవకుండా మిగిలిపోయింది. నేనూ అడగలేదు. వందల ఫారాలు నింపాను, యజమాని రాత ఏదీ అని ఒక్క కాంట్రాక్టరు గడప తొక్కలేదు. పంతుల్ని కదా, నా పని కాదనుకున్నాను.

పుస్తకాలన్నిటిలోకీ చివరిది నా దగ్గరే ఉంది, వాళ్ల అబ్బాయికి తిరిగి ఇస్తాను. ఆఖరి పేజీలో తొమ్మిది పేర్లున్నాయి, బుధవారం దాకా గీతలున్నాయి. గురువారం గడి ఖాళీ. నెత్తిన చోటు పేరు, పని పెట్టినవాళ్ల పేరు ఎప్పట్లాగే ఉన్నాయి.

సభ అయ్యాక వేపచెట్టు కింద బల్ల వేస్తున్నారు. నేనూ, ఆయన మనవరాలూ కూర్చుంటాం. కార్డు గడువు చూడవలసినవాళ్లు, కొత్తగా నమోదు కావలసినవాళ్లు రండి. ఆధారు, బ్యాంకు పుస్తకం తెచ్చుకోమని నిన్ననే చెప్పాం. దాంతో పాటు గడిచిన ఏడాదిలో ఏయే ఊళ్లో, ఎవరెవరి దగ్గర, ఎన్నెన్ని రోజులు చేశారో గుర్తు తెచ్చుకుని చెప్పండి. తారీకులు సరిగ్గా గుర్తులేకపోతే పండగలను బట్టి చెప్పండి, స్లాబులు పోసిన రోజులను బట్టి చెప్పండి. ఆడవాళ్లు మీ పేరు మీరే చెప్పాలి. ఎర్ర అట్ట పుస్తకాలు ఒక కట్ట తెచ్చి ఉంచాం, తలా ఒకటి తీసుకోండి.